తెల్ల చీటీలు: ఓడకెళ్లిన సంచి

ముందుగా చదివేవాళ్లకి ఒక మాట. ఈ భాగం వారం ఆలస్యంగా అందుతోంది, తప్పు నాదే. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట, మా ఆయన పోయిన తర్వాత. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది, దిద్దుకోవడానికి ఇంకో పూట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. పత్రికవాళ్లు సరిచేశాక కూడా తప్పులు మిగిలితే పెద్ద మనసుతో సర్దుకుని చదువుకోండి.

*

"మీరు బస్సు వెనక్కి తిప్పి ఉంటే ఆయన ఇవాళ లేచి తిరుగుతుండేవాడు."

"నువ్వు చీటీలు సరిగ్గా చూసుకుని ఉంటే నాకు బస్సు తిప్పే అవసరమే వచ్చేది కాదు."

తెల్లారిన దగ్గర్నుంచి వంటింట్లో ఇవే రెండు మాటలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. కోడలు పొయ్యి దగ్గర నిలబడి అంటోంది. కొడుకు గుమ్మానికి ఆనుకుని అంటున్నాడు. ఇద్దరి మధ్యా బల్ల దగ్గర కొడుకు తల్లి చీటీలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ముందున్న టీ చల్లారి పైన పొర కట్టింది.

"అడిగారా? ఒక్కసారైనా ఫోన్ చేసి ఓడవాళ్లని అడిగారా?" అంది కోడలు. "కంపెనీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుందని టిక్కెట్టు వెనక రాసే ఉంది."

"రాసుంటుంది. రాసినదాన్ని చూసి ఓడ ఆగడం నువ్వెప్పుడైనా చూశావా?"

"ఆగిందా అని కాదు నేనడిగేది. అడిగారా అని."

కొడుకు గుమ్మం చెక్కని గోటితో గీరుతూ ఉండిపోయాడు. అడగలేదు. అడిగితే బండి వేళకి చేర్చడం చేతకాదంటారని, వచ్చే ఏడాదికి ఇంకొకరి బస్సు పెట్టుకుంటారని భయం. ఆ భయం సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

ఆ ఇంట్లో ముగ్గురి బతుకూ ఓడ మీదే. ముగ్గురిలో ఒక్కరూ ఓడ ఎక్కింది మాత్రం లేదు.

మూడు రోజులు అడవి, ఏడు రోజులు సముద్రం. ఓడ కంపెనీ ఈ రెండింటినీ కలిపి ఒకే టిక్కెట్టుగా అమ్ముతుంది. ప్రయాణికులు ముందు ఈ ఊళ్లో ఉన్న కంపెనీ విడిదికి వస్తారు. వాళ్ల పెద్ద పెట్టెలు లారీలో నేరుగా రేవుకి పోయి, ఓడలో ఎవరి గదిలో వాళ్ల కోసం కాచుకుని ఉంటాయి. చిన్న సంచులు వాళ్లతోపాటు బస్సులో అడవిలోకి వస్తాయి. బస్సు నడిపేది కొడుకు. అడవి చూపించేది కోడలు, ఆమె గైడు. ఏ సామాను ఓడకి, ఏ సామాను అడవికి అని చీటీ కట్టేది చీటీలమ్మ. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పోయిన సోమవారం బయల్దేరిన పన్నెండు మందిలో ఒక పెద్దాయన ఉన్నాడు, భార్యతో కలిసి వచ్చాడు. గడియారాలు బాగుచేసి బతికినవాడు, అందుకని బస్సులో అందరూ గడియారాలాయన అనేవారు. ఆయన గుండె మందులున్న చిన్న సంచి అడవికి రావలసింది ఓడకి పోయింది. సంచి లేదని తెలిసేసరికి సాయంత్రం అయింది, బస్సు అడవి నడుమ ఉంది. అక్కడి చౌకీలో మందుల పెట్టె తెరిస్తే నొప్పి మాత్రలు, దూది, కత్తెర. ఇంకేం లేవు. వెనక్కి తిప్పితే ఒక రోజు పోతుంది, మిగతా పదిమందికీ ఓడ తప్పుతుంది. "రెండు రోజులేగా, నా గుండె నా మాట వింటుంది" అన్నాడు గడియారాలాయన. మూడో రోజు రేవుకి వెళ్లే దారిలో కూర్చున్న సీట్లోంచే పక్కకి ఒరిగిపోయాడు. ఇప్పుడు ఊళ్లో ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు రోజులైంది, కళ్లు తెరవలేదు.

ఇవాళ పదకొండు గంటలకి విచారణ. సంచులన్నీ సరిచూశానని కాగితం మీద సంతకం పెట్టింది కోడలు. ఆ చీటీ కట్టింది ఆమె కాదని తేలకపోతే గైడు కార్డు లాగేసుకుంటారు. ఒకసారి పోయిన కార్డు ఏ ఊళ్లోనూ మళ్లీ ఇవ్వరు.

"నువ్వు కట్టావా, అమ్మ కట్టిందా? అదొక్కటి చెప్పు" అన్నాడు కొడుకు.

"గుర్తులేదని ఎన్నిసార్లు చెప్పను? వాళ్లిద్దరూ అందరికన్నా ఆలస్యంగా వచ్చారు. నేనూ కడుతున్నాను, అత్తయ్యా కడుతున్నారు. బస్సు హారన్ మీద హారన్ కొట్టారు మీరు."

"అమ్మ కట్టి ఉండదు."

"నేనూ అదే అంటున్నాను. అత్తయ్య చేతిలో పొరపాటు జరగదు. అంటే నేనే కట్టి ఉంటాను." కోడలు పొయ్యి ఆర్పేసింది. "మీకు కావలసిందీ అదేగా. వినండి. నేనే కట్టాను."

"నాకు కావలసిందని ఎవరన్నారు?"

"అనక్కర్లేదు. మొహం మీద ఉంది."

కొడుకు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి వాకిట్లో బస్సు కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది. రెండు రోజుల్లో నాలుగోసారి కడగడం. ఆ సీటు మాత్రం ముట్టుకోవడంలేదు.

*

కోడలు విచారణకి వేసుకునే చొక్కా బల్ల మీద పరిచి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. మెడపట్టీ దగ్గర ఒకే ముడత మీద ఇస్త్రీపెట్టె పదిసార్లు పోయింది.

"మీరు ఏమీ తినలేదు అత్తయ్యా."

"తర్వాత తింటాలే."

"మీరు బెంగపెట్టుకోకండి. పోతే నాదొక్కదాని ఉద్యోగం పోతుంది. మీ ఇద్దరివీ ఉంటాయి." నవ్వబోయింది. "ఎలుగుబంటి ఎదురొస్తే ఏం చేయాలో ఆరేళ్లు చదువుకున్నాను. చీటీ ఎదురొస్తే ఏం చేయాలో చెప్పలేదు."

చీటీలమ్మ చల్లారిన టీ కప్పు పక్కకి జరిపింది.

"ఆ రోజు నువ్వు బల్ల తుడిచావు" అంది.

"తుడిచాను. మీ టీ ఒలికింది కదా. అయితే?"

"ఏం లేదు."

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదన్నానుగా. చొక్కా మాడుతుంది చూసుకో."

ఉంది. చీటీలమ్మకి తప్ప ఇంకెవరికీ తెలియనిది ఒకటి ఉంది. ఆవిడకి చదవడం రాదు.

పేరు గీయడం వచ్చు. పెళ్లయిన కొత్తలో మొగుడు నేర్పాడు, ముగ్గు వేయడం నేర్పినట్టు. ఆయన విడిదిలో సామాన్ల బండి తోసేవాడు. ఆయనే ఈ పని ఇప్పించాడు. "అందులో చదవడానికేం లేదే. నీలం చీటీ ఓడకి, పసుపు చీటీ అడవికి. రంగులు తెలిస్తే చాలు" అన్నాడు. రంగులు తెలుసు. ఎవరి పెట్టె ఏది అనేది పిడి చూసి, గీతలు చూసి, మోసుకొచ్చిన మనిషి నడక చూసి గుర్తుపెట్టుకునేది. ఒకసారి విన్న పేరు మర్చిపోయేది కాదు. ఎవరైనా కాగితం చేతిలో పెడితే కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పేది. పొద్దున్నే పేపరు విప్పి పేజీకింత సేపని లెక్కపెట్టుకుని తిప్పేది. మొగుడు ఉన్నంతకాలం ఆ గుట్టు ఇద్దరిదీ. మూడేళ్ల క్రితం ఆయన పోయాక ఒక్కదానిదే అయింది.

నాలుగు నెలల క్రితం కంపెనీ రంగుల చీటీలు తీసేసింది. అన్నీ తెల్లవే, మీద నల్ల అక్షరాలు. కానీ కౌంటరు గుమస్తా పొద్దున్నే బల్ల మీద రెండు దొంతరలు పెట్టేవాడు. ఓడవి ఎడమపక్క, అడవివి కుడిపక్క. వారం రోజులు గమనించింది. ఎప్పుడూ అంతే. ఎడమ ఓడ, కుడి అడవి. గండం గడిచిందనుకుంది.

సోమవారం టీ ఒలికింది. కోడలు గబగబా దొంతరలు ఎత్తి, బల్ల తుడిచి, తిరిగి పెట్టింది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. చదవడం వచ్చినవాళ్లకి ఏది ఎటుంటే ఏం. ఆ తర్వాత వచ్చింది గడియారాలాయన సంచి ఒక్కటే. కుడిపక్క నుంచి చీటీ తీసి, పిడికి రెండు చుట్లు చుట్టి, ముడి బిగించింది చీటీలమ్మే. ఆ ముడి ఇప్పటికీ వేళ్లకి గుర్తుంది.

రెండు రోజులుగా ఆవిడ మనసు ఒకటే పాట పాడుతోంది. దొంతరలు మార్చింది కోడలేగా. అది మార్చకుండా ఉంటే ఇది జరిగేదా. ఆ పాట వింటూ వింటూ రెండు రోజులు గడిపింది. ఇప్పుడు ఆ పిల్ల తనకి ఏమీ కాకూడదని చూస్తుంటే ఆ పాట కూడా నోరు మూసుకుంది.

"అత్తయ్యా, ఈ బొత్తాం పెట్టండి, నా చేతులు వణుకుతున్నాయి" అంది కోడలు.

చీటీలమ్మ బొత్తాం పెట్టింది. ఆవిడ చేతులు వణకలేదు. అందుకు ఆవిడకి సిగ్గేసింది.

*

విడిది ముందు హాల్లో గడియారాలాయన భార్య ఒక్కతే కూర్చుని ఉంది. ఆసుపత్రిలో పొద్దున పూట లోపలికి రానివ్వరని ఇక్కడికి వచ్చింది. ఆవిడ పెట్టె కూడా ఓడలోనే పోయింది. ఒంటి మీద ఉన్నది కోడలి కోటు. చేతులు పొడుగై వేళ్ల దాకా కప్పేశాయి.

కోడలు ఆవిడని చూడలేక తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది. చీటీలమ్మ కూడా అలాగే పోదామనుకుంది. ఆవిడ పిలిచింది.

"చీటీలు కట్టే అక్కవి నువ్వేగా? ఇలా కూర్చో."

కూర్చుంది.

"పెద్దాయన ఎలా ఉన్నారు?"

"ఉన్నాడు. ఊపిరి తీస్తున్నాడు. డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడడంలేదు, గోడ చూస్తున్నాడు. అంటే నాకు తెలియదా." ఆవిడ కోటు చేతులు మడిచింది, అవి మళ్లీ జారాయి. "నలభై ఏళ్లలో సెలవు తీసుకోలేదక్కా ఆ మనిషి. తీసుకుంటే నాకు సముద్రం కావాలన్నాను. ఆయన అడవి అన్నాడు. ఆరు నెలలు అదే గొడవ. రెండూ ఒకే టిక్కెట్టులో దొరుకుతాయని పక్కింటాయన చెప్పాడు. ఇంకేం, గొడవ తీరిపోయిందనుకున్నాం."

"అడవి నచ్చిందా ఆయనకి?"

"మొదటి రోజు నచ్చింది. ఒక కొమ్ముల జంతువు నీళ్లు తాగడం చూసి, దాని దవడ కదలడం బాగుచేసిన గడియారంలా ఉందన్నాడు. రెండో రోజు నుంచి అలుపు." ఆవిడ కిటికీ కేసి తిరిగింది. "ఇప్పుడు నా పెట్టె ఒక్కటే సముద్రం చూస్తోంది."

ఆవిడే మళ్లీ అందుకుంది.

"మీ కోడలి మీద నాకు కోపం లేదు. ఆ పిల్ల అడవిలో ఆయన పక్కనే కూర్చుని రాత్రంతా నాడి చూసింది. ఏం జరిగిందో ఎవరైనా నాకు నిజం చెప్తే చాలు. ఇంటికెళ్లాక పిల్లలు అడుగుతారు. ఏదో పొరపాటు జరిగిందట అని ఎలా చెప్పను? ఆయన ఏదో పొరపాటు అనే మాట ఒప్పుకునేవాడు కాదు. ఏ చక్రం పళ్లు అరిగాయో, ఏ స్క్రూ వదులైందో చెప్పాలి ఆయనకి."

అంటూనే ఆవిడ చేతిసంచి తెరిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది.

"పొద్దున ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. సంతకం పెట్టి తెమ్మన్నారు. నా కళ్లజోడు కూడా ఆ సంచిలోనే ఓడకి పోయింది. కాస్త చదివి పెట్టక్కా."

కాగితం చీటీలమ్మ చేతిలోకి వచ్చింది. తెల్ల కాగితం, మీద నల్ల చీమలు. అందులో ఆ పెద్దాయన బతుకు ఉందో, ఆఖరి మాట ఉందో.

ఇరవై ఆరేళ్ల అలవాటు నాలుక మీదకి తన్నుకొచ్చింది.

"నా కళ్లజోడూ ఇంట్లో మర్చిపోయానమ్మా."

"పోనీలే. ఇద్దరం ఇద్దరమే దొరికాం" అని ఆవిడ నవ్వి, కాగితం మళ్లీ మడిచింది.

ఆ నవ్వు చూశాక చీటీలమ్మకి ఇంక కూర్చోవడం చేతకాలేదు. లేచి తిన్నగా సామాన్ల గదికి వెళ్లింది. ఇవాళ చెప్పేయాలి. పరువు పోనీ, ఉద్యోగం పోనీ, చూసి నవ్వుకోనీ. చెప్పేస్తే ఆ పిల్ల కార్డు నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి చెప్పడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో తనకే తెలియలేదు.

*

సామాన్ల గదిలో చీటీల బల్లకి అటు పక్కన కంపెనీ ఆఫీసరు కూర్చున్నాడు. మర్యాదస్తుడు. ఎవరు వచ్చినా సగం లేచి కూర్చుంటాడు. పక్కన కౌంటరు గుమస్తా రాసుకుంటున్నాడు. గోడ వారగా కొడుకు, కోడలు.

"సంచికి చీటీ ఎవరు కట్టారో మీకు గుర్తుందా?" అని ఆఫీసరు కోడల్ని అడిగాడు.

"లేదు సార్. నేనే కట్టి ఉండొచ్చు. సరిచూసినట్టు సంతకం నాది."

"చూశారా మరి?"

"అన్నీ చూశాను. ఆఖరున వచ్చిన ఆ ఒక్కటీ చూడలేదు. అత్తయ్య బల్ల నుంచి వచ్చింది కదా అని."

"అంటే మీ అత్తగారు కట్టారనా?"

"కాదు. ఆవిడ బల్ల దగ్గరి సంచిని సరిచూడడం ఎందుకని. అది నా తప్పు."

చీటీలమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"ఆ చీటీ కట్టింది నేను బాబూ."

గుమస్తా కలం ఆగింది.

"ఏది ఓడదో ఏది అడవిదో నాకు తెలియదు. నాకు చదవడం రాదు."

గుమస్తాకి ముందు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ముక్కులోంచి వచ్చేసింది.

"కూర్చోండి అమ్మా" అన్నాడు ఆఫీసరు.

"కూర్చోను. నిలబడే చెప్తాను. రంగులు చూసి కట్టేదాన్ని. తెల్లవి వచ్చాక దొంతర చూసి కట్టాను. ఎడమ ఓడ, కుడి అడవి. ఆ రోజు దొంతరలు మారాయి. నాకు తెలియలేదు."

ఆఫీసరు గుమస్తా వైపు తిరిగాడు. "ఓడవి ఎప్పుడూ ఎడమపక్కే పెడతారా మీరు?"

"అలా ఏం లేదు సార్. చేతికి ఎలా వస్తే అలా పెడతాను. ఎడమా కుడీ ఎవరు చూస్తారు?"

"నువ్వు చూసుకోవు" అంది చీటీలమ్మ. "నేను చూస్తాను. నాలుగు నెలలుగా ఒక్కరోజు కూడా నువ్వు మార్చి పెట్టలేదు."

"నాకే తెలియని నా అలవాటు మీకు తెలుసా చీటీలమ్మగారూ?" అని గుమస్తా మళ్లీ నవ్వాడు.

ఆఫీసరు రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పాడు. "ఇరవై ఆరేళ్లు. కొన్ని వేల సామాన్లు. ఒక్క తప్పు లేదు. పేరుపేరునా టిక్కులు పెట్టారు. చదవడం రాని మనిషి చేసే పనేనా అమ్మా ఇది?"

"జాబితా పైకి చదివేటప్పుడు పేర్లు వింటాను. ఎన్నోదో లెక్కపెట్టుకుంటాను."

"సోమవారం వచ్చిన పన్నెండు పేర్లు చెప్పండి చూద్దాం."

చీటీలమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎవరి పెట్టెకి ఏ మూల సొట్ట ఉందో కూడా చెప్పింది. చెప్పాక తెలిసింది, చెప్పకుండా ఉండాల్సిందని. ఆఫీసరు వేలు పేజీ మీద ఆ వరసలోనే కిందికి జరిగి, పన్నెండో పేరు దగ్గర ఆగింది.

"చదివినంత బాగా చెప్పారు" అన్నాడు. ఒక చీటీ తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది చదవండి."

ఆవిడ చూసింది. చూస్తూ నిలబడింది.

"రాదు."

"చదవలేదంటే చదవలేదనే కదమ్మా తేలేది. నేనూ నోరు మూసుకుని నిలబడగలను. రాదని ఎలా నమ్మమంటారు?"

వచ్చినదాన్ని చూపించొచ్చు. రానిదాన్ని ఎలా చూపించాలో చీటీలమ్మకి ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని కట్టిన గోడ. ఇవాళ లోపల్నుంచి గుద్దుతుంటే బయటివాళ్లకి చప్పుడైనా వినబడటంలేదు.

"అత్తయ్యా, చాలు" అంది కోడలు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "రోజూ పొద్దున్నే పేపరు చదువుతారు సార్. బయల్దేరే ముందు వాన వస్తుందో రాదో నాకు చెప్పేది ఆవిడే."

"ఆకాశం చూసి చెప్పానే పిల్లా."

గుమస్తా ఈసారి నవ్వు దాచుకోలేదు.

చీటీలమ్మ కొడుకు వైపు తిరిగింది. వాడికి తెలిసే ఉంటుంది. బడిలో ఇచ్చిన మార్కుల కాగితాలు తండ్రి వచ్చేదాకా దాచి ఉంచేవాడు. తల్లి చేతిలో ఒక్కసారీ పెట్టలేదు. ఎందుకని ఆవిడ ఎప్పుడూ అడగలేదు, వాడెప్పుడూ చెప్పలేదు.

"నువ్వు చెప్పరా" అంది.

కొడుకు గోడకి ఆనించిన వీపు తీశాడు. ఆఫీసరు కేసి చూశాడు, గుమస్తా కేసి చూశాడు. బయట నిలబెట్టిన బస్సు కేసి చూశాడు.

"మా అమ్మకి చదువొచ్చు సార్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తల్లి మొహం ఒక్కటే చూడలేదు.

*

తీర్పు రాయడానికి పావుగంట పట్టింది. కోడలు కార్డు చొక్కా నుంచి తీసి బల్ల మీద పెట్టింది. కాగితాలు పూర్తయ్యేవరకూ విడిది ఆవరణలోకి రాకూడదని ఆఫీసరు చెప్పాడు. అదీ మర్యాదగానే చెప్పాడు.

"మిమ్మల్ని తప్పు పట్టడంలేదమ్మా" అన్నాడు చీటీలమ్మతో. "కోడలి కోసం ఆ మాత్రం చేసే అత్తగార్లు ఎంతమంది ఉన్నారు? ఇకమీదట సరిచూసి సంతకం పెట్టే పని కూడా మీకే అప్పగిస్తున్నాం. మాకు మీమీద నమ్మకం ఉంది."

"నాకొద్దు బాబూ. నేను మానేస్తాను."

"మీరూ మానేస్తే ఈ విడిదిని నమ్మి ప్రయాణికుల్ని పంపలేం. అప్పుడు బస్సూ అక్కర్లేదు, అడవీ అక్కర్లేదు. ఓడ ఒక్కటే నడుపుకుంటాం."

కొడుకు గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. చీటీలమ్మ తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

గది ఖాళీ అయ్యాక కోడలు వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మా అమ్మ కూడా నా కోసం ఇలా ఎప్పుడూ నిలబడలేదత్తయ్యా. పదిమందిలో చదువు రాదని చెప్పుకున్నారు. మీరు. నా కోసం."

"అది అబద్ధం కాదమ్మా."

"సరే, కాదు. ఇంక వదిలేయండి. నేను మర్చిపోనులెండి."

"నిజంగానే రాదే. ఆ చీటీ కట్టింది నేనే. ఆ మనిషిని అక్కడ పడుకోబెట్టింది నేనే."

కోడలు ఆవిడ చెంప నిమిరింది. ఒంట్లో బాగాలేని మనిషిని ఊరుకోబెట్టినట్టు. "ఇంటికొచ్చాక తినండి. పొయ్యి మీద పెట్టి ఉంచుతాను" అంది. అని వెళ్లిపోయింది. హాల్లో గడియారాలాయన భార్య ముందు ఆగి ఏదో చెప్పింది. ఆవిడ లేచి, వేసుకున్న కోటు విప్పి ఇవ్వబోయింది. కోడలు వద్దని చెయ్యి ఊపి గేటు దాటింది.

రెండు గంటలకి కొత్త జట్టు బస్సు వచ్చి ఆగింది. గుమస్తా ఒక అట్టపెట్టె తెచ్చి చీటీల బల్ల మీద పెట్టాడు.

"దొంతరలు ఏవి?" అంది చీటీలమ్మ.

"ఇక దొంతరలు లేవండి. ఆఫీసరుగారి కొత్త పద్ధతి. రెండు రకాలూ పక్కపక్కన ఉంటేనే కదా పొరపాటు జరిగింది. అందుకని అన్నీ కలిపి ఒకే పెట్టెలో వేయమన్నారు. ఒక్కొక్కటే తీసి, చదివి, కట్టాలిట." సంతకం కాగితం కూడా ముందు పెట్టాడు. "కింద మీ సంతకం."

"ఒక్క నిమిషం ఆగు నాయనా. ఇవి నాకు విడదీసి పెట్టి వెళ్లు."

"భలేవారే. విచారణ అయిపోయిందండీ, ఇంకా ఎందుకు ఆ నాటకం" అని నవ్వుతూ బస్సు తలుపు తీయడానికి వెళ్లిపోయాడు.

చీటీలమ్మ పెట్టెలో చెయ్యి పెట్టింది. ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. రెండూ వెలుతురుకి పట్టి చూసింది. రెండూ తెల్లగానే ఉన్నాయి.

బయట మెట్ల మీద పెట్టెల చక్రాల చప్పుడు. పదకొండు మంది లోపలికి వస్తున్నారు.

*

రాసినది: మంగతాయారు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది మనవరాలి ఇంట్లో, మేడ మీద గదిలో.